ఒక సీన్‌లో అదుపు, ఇంకో సీన్‌లో విధ్వంసం: హీరో ఎక్కడ తప్పాడు?

లక్షణం: హీరో లోపల ఒక రాక్షసుడున్నాడు, అప్పుడప్పుడూ హీరో వాడిగా మారిపోతాడు. ఇంటర్వెల్ ముందు సొంత మనుషుల్నే తరిమాడు. క్లైమాక్స్‌లో చెప్పిన మాట విన్నాడు. చూసినవాళ్లు "అప్పుడేమైంది సామీ ఈ కంట్రోలు?" అంటారు. తిరుపతి పిల్లలు షార్ట్ ఫిల్మ్ కోసం నా దగ్గరికి తెచ్చే సూపర్ హీరో కథల్లో ఎక్కువగా కనిపించే జబ్బిదే.

అదుపు నేర్చుకున్నాడని చూపడానికి వెంటనే కపిలతీర్థం దగ్గర ధ్యానం సీన్ ఇరికించేస్తారు. వద్దు. ముందు స్క్రిప్టు తీసి, మారిన ప్రతిచోటా పక్కన పెన్సిల్‌తో రాయండి: తనే మారాడా, మారాల్సి వచ్చిందా? ఈ ఒక్క పని ఎవరూ చెయ్యరు!

2012 అవెంజర్స్ సినిమాలో, కోపమొస్తే పచ్చటి రాక్షసుడిగా మారిపోయే హల్క్‌నే చూడండి. ఎగిరే ఓడలో పేలుడుకి కిందపడి, వద్దు వద్దనుకుంటూనే మారాడు. ఎదురుగా ఉన్న సొంత జట్టు మనిషి నటాషా వెంటపడ్డాడు. న్యూయార్క్‌లో తనే నడిచివెళ్లి మారాడు. ఎవర్ని కొట్టాలో తెలిసింది. (తర్వాత జట్టులోని థోర్‌కి పడిన గుద్దు వేరే లెక్క.) మన గంగమ్మ జాతరలో మొక్కుకుని 'తోటి' అనే వేషం కట్టినవాళ్లు ఒళ్లంతా బొగ్గు పూసుకుని బూతులు తిడతారు, అయినా స్పృహలోనే ఉంటారు. అదే గుంపులో ఉన్నట్టుండి పూనకం వచ్చిన మనిషిని నలుగురు పట్టుకోవాలి.

కనపడకుండా దాక్కున్న అసలు కారణం ఇంకోటుంది. దానికి నేనే బలయ్యాను. స్క్రిప్టులో అన్నీ సరిగ్గానే రాశాను. క్లైమాక్స్‌లో మారేముందు హీరో ఆగి, వాచీ విప్పి జేబులో పెట్టుకుంటాడు, అంటే తనే మారుతున్నాడని. స్క్రీన్ మీద మాత్రం జనం నవ్వారు. కోపం చాల్లేదేమోనని డైలాగులు పెంచాను, నటుడితో మళ్లీ డబ్బింగ్ చెప్పించాను. పది రోజులు పోయాయి. చివరికి చూస్తే, సీన్ సాగుతోందని ఎడిటింగ్‌లో ఆ వాచీ షాటే లేపేశారు! మూడు సెకన్లు. అది పోయాక రెండు మార్పులూ ఒకేలా కనిపించాయి. తిరిగి పెట్టగానే నవ్వు ఆగింది. కాబట్టి తప్పు కనిపించిన సీన్‌ని కాదు, దాని ముందు షాట్‌ని వెతకండి. స్క్రిప్టులో కాదు, ఎడిటింగ్ టైమ్‌లైన్‌లో.

మిగతావి అరుదు. 2015 'అవెంజర్స్: ఏజ్ ఆఫ్ అల్ట్రాన్' సినిమాలో వాండా హల్క్‌కి చేసినట్టు బయటివాళ్లు బుర్రలో దూరితే, దూరినట్టు చూపించండి చాలు. 1962 మొదటి కామిక్‌లో హల్క్ కోపానికి కాదు, చీకటి పడితే మారేవాడు. ఆ పాత సంచికలు పట్టుకుని వాదించేవాళ్లకి జవాబు చెప్పక్కర్లేదు.