బయాలజీ పుస్తకాలు కొనే ముందు చూసుకోవాల్సినవి

ముందుగా పరీక్ష నిర్వహించే సంస్థ ఇచ్చిన తాజా సిలబస్ ప్రింట్ తీసుకోండి. అది చేతిలో లేకుండా ఒక్క పుస్తకం కూడా కొనొద్దు.

• అట్ట మీద 'కొత్త ఎడిషన్' అని ఉంటే నమ్మేయకండి, లోపల తిప్పి చూడండి. నేనైతే మూడు చోట్ల చూస్తాను. ఒక గ్లూకోజ్ అణువు నుంచి వచ్చే ఏటీపీలు (కణం వాడుకునే శక్తి అణువులు) 36 లేదా 38 అని ఆపేశారా, ఇప్పటి లెక్క 30–32 కూడా ఇచ్చారా? 1990లో కార్ల్ వోస్ బృందం ప్రతిపాదించిన మూడు డొమైన్లు (జీవులన్నిటినీ విభజించే అతిపెద్ద వర్గాలు) ఉన్నాయా? మనిషిలో ప్రొటీన్లను తయారుచేసే జన్యువులు సుమారు 20,000 అని ఉందా, పాత అంచనా ప్రకారం లక్ష అని ఉందా? వీటిలో రెండు చోట్ల తప్పు కనిపిస్తే ఆ పుస్తకం వద్దు. అయితే మీ పరీక్షకు నిర్దేశించిన పాఠ్యపుస్తకంలోనే 38 అని ఉంటే అక్కడ ఆ జవాబే పెట్టాలి. తేడా ఎందుకొచ్చిందో మాత్రం తెలుసుకుని ఉండండి.

• ప్రశ్నల బ్యాంకులో తప్పు ఆప్షన్లకూ వివరణ ఉండాలి. ఇది చాలా ముఖ్యం.

• ప్రధాన పుస్తకం ఒక్కటే పెట్టుకోండి.

• ఇతరులు తయారుచేసిన ఫ్లాష్ కార్డుల్లో తప్పులు దొర్లుతుంటాయి. వాడే ముందు ఓ ఇరవై కార్డులు పుస్తకంతో సరిచూడండి.