ఫెనిటాయిన్ వాడేవారు ఇంట్లో పాటించవలసిన పద్ధతి

బెంగళూరు నిమ్హాన్స్‌కు ఫిట్స్ చికిత్స కోసం అనంతపురం, చిత్తూరు వైపు నుంచి వచ్చే మనవాళ్లలో ఎందరికో తెలిసిన మందు ఫెనిటాయిన్; మందుల షాపులో ఎప్టాయిన్ అని అడుగుతారు. మూర్ఛను అదుపు చేయడంలో దీని ఉపయోగాన్ని 1938లో మెరిట్, పట్నమ్ అనే అమెరికన్ వైద్యులు వెల్లడించారు. ఇది ఎంత మంచి మందో మోతాదు విషయంలో అంత నిక్కచ్చిగా వాడవలసిన మందు.

కాలేయం దీన్ని ఒక హద్దు వరకే విరిచివేయగలదు. ఆ హద్దు దగ్గర ఉన్నవారికి రోజుకు 50 మిల్లీగ్రాములు పెంచినా రక్తంలో మందు స్థాయి అమాంతం పెరిగిపోవచ్చు. అందువల్ల ఫిట్స్ మళ్లీ వచ్చిందని ఇంట్లోవాళ్లే మరో మాత్ర వేయడం చాలా ప్రమాదకరం. నడక తూలినా, మాట ముద్దగా వచ్చినా, వస్తువులు రెండుగా కనిపించినా వెంటనే డాక్టరును కలిసి, రక్తంలో మందు స్థాయి పరీక్ష అవసరమేమో అడగాలి.

పిల్లలకిచ్చే ద్రవ మందు సీసా అడుగున పేరుకుంటుంది. బాగా కుదపకుండా పోస్తే మొదటి రోజుల్లో మందు చాలక, సీసా అయిపోయేటప్పుడు ఎక్కువై, రెండు విధాలా నష్టం జరుగుతుంది. కొలత కూడా వంటింటి చెంచాతో కాక కొలత కప్పుతోనే తీసుకోవాలి.

మాత్ర రోజూ ఒకే వేళకు వేసుకోవాలి. మరచిపోతే గుర్తుకు రాగానే వేసుకోవచ్చు గానీ, తరువాతి మాత్ర వేళ దగ్గరపడితే తప్పిన దాన్ని వదిలేయాలి, రెండూ కలిపి వేసుకోకూడదు. సంక్రాంతికి రాత్రి బస్సులో ఊరికి వెళ్లేవారు మాత్రలను, మందుల చీటీని డిక్కీలో వేసే పెట్టెలో కాక చేతిసంచిలో పెట్టుకోవాలి. నిద్ర చాలకపోయినా ఫిట్స్ రావచ్చు కనుక వీలైతే పగటి ప్రయాణమే మేలని నా అభిప్రాయం.

ఫిట్స్ రావడం లేదు కదా అని మందు హఠాత్తుగా ఆపితే, ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. అయితే మొదటి వారాల్లో ఒంటిమీద దద్దుర్లు, జ్వరం, నోటిపూత కనిపిస్తే మాత్రం తరువాతి మాత్ర వేయకముందే అత్యవసర విభాగానికి వెళ్లాలి. చిగుళ్లు వాచే అవకాశం ఉంది కాబట్టి రోజుకు రెండుసార్లు పళ్లు తోముకోవాలి.

క్షయ మందుల్లోని ఐసోనియజిడ్ ఫెనిటాయిన్ స్థాయిని పెంచుతుంది. ఫెనిటాయిన్ గర్భనిరోధక మాత్రల ప్రభావాన్ని తగ్గిస్తుంది. ఈ మందు కడుపులోని బిడ్డకు హాని చేయవచ్చు కనుక, పిల్లలు కావాలనుకునే స్త్రీలు గర్భం దాల్చకముందే డాక్టరుతో మాట్లాడాలి గాని, తామంతట తాము మాత్ర మానకూడదు.