మా బాబు సికిల్ సెల్ మందులకు దారి దొరికింది

మా వాడికి పదకొండేళ్లు. వాడికి సికిల్ సెల్, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే, పుట్టుకతో వచ్చే జబ్బు. మాది పాడేరు దగ్గర ఊరు. నొప్పి వస్తే మోకాళ్లు పట్టుకుని ముడుచుకుపోతాడు, దుప్పటి తగిలినా ఏడుస్తాడు. డాక్టరు గారు రోజూ హైడ్రాక్సీయూరియా (నొప్పులు తరచూ రాకుండా చూసే మందు), ఫోలిక్ యాసిడ్ వేయమన్నారు. కొన్నాళ్లు బయట మందుల షాపులోనే కొన్నాం. కూలి లేని వారం మాత్ర ఆగిపోయేది, నెల తిరక్కుండా మళ్లీ నొప్పి.

ఈ జబ్బు ఉన్నవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే పింఛను కోసం అర్జీ పెడితే తిప్పి పంపారు. మా దగ్గరున్న కాగితంలో సాల్యుబిలిటీ పరీక్ష (మొదట చేసే చిన్న రక్తపరీక్ష) పాజిటివ్ అని మాత్రమే ఉంది. ఆ పరీక్ష జబ్బు ఉన్నవాళ్లకూ, జబ్బు లేకుండా దాని జన్యువు మాత్రమే మోసే వాహకులకూ ఒకేలా వస్తుందట. ఈ మాట ముందే ఎవరైనా చెప్పి ఉంటే నాలుగు నెలలు పోయేవి కావు. ఆశా అక్క చెబితే పెద్ద ప్రభుత్వాసుపత్రిలో హెచ్‌పీఎల్‌సీ అనే, రక్తంలోని హిమోగ్లోబిన్ రకాలను విడివిడిగా చూపే పరీక్ష చేయించాం. అందులో 'ఎస్ఎస్' అని, అంటే వాహకుడు కాదు, జబ్బే ఉందని స్పష్టంగా వచ్చింది. ఆ రిపోర్టు, డాక్టరు సర్టిఫికెట్, ఆధార్, రేషన్ కార్డు జతచేసి సచివాలయంలో మళ్లీ ఇచ్చాం. ఈసారి మంజూరైంది, నెలకు 10,000 రూపాయలు.

మందు కూడా ఇప్పుడు ప్రభుత్వాసుపత్రిలోనే ఉచితంగా తెచ్చుకుంటున్నాం. 2023లో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ సంగతి అక్కడే తెలిసింది. హైడ్రాక్సీయూరియా క్యాప్సూల్ వాడేవాళ్లు రక్తకణాల పరీక్ష మాత్రం మానొద్దు, మోతాదు దాన్ని బట్టే మారుస్తారు.

అసలు రిపోర్టు ప్లాస్టిక్ కవర్లో పెట్టి బియ్యం డబ్బా మీద దాచాను. ఎక్కడికైనా జిరాక్సే ఇస్తాను.