దోస్త్ దరఖాస్తు: ఫోను నంబరు ఎవరిదో ముందు చూసుకోండి

తెలంగాణలో ఇంటర్ పాసై బీఏ, బీకాం, బీఎస్సీ చదవాలనుకునేవారికి దారి దోస్త్, అంటే డిగ్రీ సీట్లకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకునే పద్ధతి. ఉస్మానియా, కాకతీయలతో పాటు నల్లగొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్ పాలమూరు విశ్వవిద్యాలయం పరిధిలోని డిగ్రీ సీట్లు కూడా 2016 నుంచి ఈ పద్ధతిలోనే నింపుతున్నారు. కోర్టు ఉత్తర్వులతో విడిగా చేర్చుకునే కాలేజీలు కొన్ని ఉన్నాయి. వాటి సంగతి ఇక్కడ చెప్పడం లేదు.

పని పెద్దదేమీ కాదు. వెబ్‌సైట్‌లో ఇంటర్ హాల్‌టికెట్ నంబరు, ఆధార్ నంబరు ఇచ్చి, మొదటి విడతలో అయితే 200, ఆ తరువాత అయితే 400 రూపాయలు కడితే దోస్త్ ఐడీ, ఆరంకెల పిన్ వస్తాయి. వాటితో లోపలికి వెళ్లి వివరాలు నింపి, కాలేజీలను, కోర్సులను ఇష్టమైన వరుసలో పెట్టుకోవాలి. వీటినే ఆప్షన్లు అంటారు. ఫోనులో డబ్బు పంపడం వచ్చిన పిల్లలెవరైనా సొంతంగా చేసుకోగలరు. దీనికి ఐదు వందలు, వెయ్యి అడిగేవారు ఏ పనికి అడుగుతున్నారో నిలబెట్టి అడగండి.

ఎక్కువ మంది ఆగిపోయేది మొదటి మెట్టు మీదే. విద్యార్థి ఆధార్‌కు ముడిపడిన ఫోను నంబరుకే ఓటీపీ వస్తుంది. కోస్గి, మద్దూరు, నారాయణపేట వైపు నుంచి ముంబై, పుణె పనులకు వలస వెళ్లిన కుటుంబాలు ఎన్నో. చిన్నప్పుడు ఆధార్ తీయించిన రోజు నాన్న నంబరు రాయించి ఉంటారు. ఆ ఫోను ఇప్పుడు పుణెలో కట్టడం పని దగ్గర ఉంటుంది, పగలు ఎత్తేవారుండరు. ఇంకా కష్టమేమిటంటే, రీచార్జి లేక ఆ నంబరు రద్దయి వేరెవరికో వెళ్లిపోయి ఉండవచ్చు. దేవరకొండ తండాల పిల్లలకైతే తరచూ పక్కింటివారి నంబరో, ఆధార్ తీసిన మనిషి నంబరో ఉంటుంది.

అందుకని దోస్త్ ప్రకటన వచ్చేదాకా ఆగకుండా, పరీక్షలు రాసిన వెంటనే ఆధార్‌కు ఏ నంబరు ఉందో చూసుకోండి. మార్చుకోవాలంటే ఆధార్ కేంద్రానికి విద్యార్థి స్వయంగా వెళ్లవచ్చు. పోస్ట్‌మన్ ద్వారా కూడా ఈ మార్పు చేయించుకోవచ్చు. నంబరు మార్పుకు ఏ ధ్రువపత్రమూ అడగరు, వేలిముద్ర చాలు. ఆ వేలిముద్రే కుదరకపోతే, 15 ఏళ్లు నిండాక చేయించాల్సిన బయోమెట్రిక్ నవీకరణ జరగలేదేమో అడగండి. గడువు ముంచుకొచ్చినా కంగారు వద్దు. మీసేవలో వేలిముద్ర వేసి నమోదు కావచ్చు. తెలంగాణ ఇంటర్ బోర్డు విద్యార్థులకు టీ యాప్ ఫోలియో అనే ప్రభుత్వ ఫోను యాప్‌లో ముఖం చూపించి నమోదయ్యే వీలు కూడా ఉంది.

ఈ చిక్కు దగ్గరే ఎవరో ఒకరు వచ్చి, "నా నంబరు పెట్టుకో తమ్ముడూ, తరువాత మార్చుకుందువు" అంటారు. మే నెలలో ఊరూరా తిరిగే కాలేజీ ప్రతినిధులు చాలా మర్యాదగా మాట్లాడతారు. రుసుము మేమే కడతాం, బస్సు ఉంది, మీరు ఒక్క రూపాయి పెట్టనక్కరలేదు అంటారు. నంబరు వాళ్లదైతే పిన్ వాళ్లకే వస్తుంది. పిన్ వాళ్ల దగ్గరుంటే ఆప్షన్లూ వాళ్లే పెడతారు, జాబితాలో ఒకే ఒక్క కాలేజీ ఉంటుంది. నల్లగొండ ఎన్జీ కాలేజీలోనో, మహబూబ్‌నగర్ ఎంవీఎస్‌లోనో సీటు రాదగిన మార్కులున్న పిల్ల, ఆ పేర్లు జాబితాలోనే లేవని సీటు కేటాయింపు రోజున తెలుసుకుంటుంది. పిన్ ఇవ్వడమంటే సంతకం పెట్టిన ఖాళీ కాగితం ఇచ్చినట్టే.

ఇప్పటికే పిన్ ఇచ్చేసి ఉంటే దాచుకుని బాధపడనక్కరలేదు. విశ్వవిద్యాలయాల్లో, ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో దోస్త్ హెల్ప్‌లైన్ కేంద్రాలు ఉంటాయి. ఆధార్, ఇంటర్ మెమో పట్టుకుని విద్యార్థే వెళ్లి జరిగింది చెప్పాలి. ఆప్షన్ల గడువు దాటకముందు వెళ్లడం ముఖ్యం. ఒరిజినల్ మెమో, టీసీ మాత్రం సీటు రాకముందు ఎవరి చేతిలోనూ పెట్టవద్దు. దరఖాస్తుకు వాటితో పని లేదు.

సీటు వచ్చాక గడువులోగా వెబ్‌సైట్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ (ఆ సీటు తీసుకుంటున్నానని తెలపడం) చేయకపోతే అది పోతుంది. మొదటి విడతలో వచ్చిన సీటు నచ్చకపోయినా రిపోర్టింగ్ చేసి, తరువాతి విడతలో మెరుగైనదాని కోసం ఆప్షన్లు పెట్టుకోవచ్చు. చివరికి కాలేజీకి వెళ్లి చేరేటప్పుడు మరో ఓటీపీ ఇవ్వాలి. చేరిక ఖాయమయ్యేది దానితోనే. కాబట్టి ఫోనులో ఎవరు అడిగినా చెప్పకండి. ఆ కాలేజీలోనే చదవాలని తేల్చుకుని, అక్కడికి వెళ్లాకే ఇవ్వండి.

ఫీజు రీయింబర్స్‌మెంట్ కోరేవారు ఆదాయ ధ్రువపత్రానికి మీసేవలో ముందే పెట్టుకోవాలి. ఆ ఏడాది ఏప్రిల్ 1 తరువాత ఇచ్చినదే చెల్లుతుంది. నిరుడు అక్కకు తీసినది ఇస్తామంటే కుదరదు. బీసీ కుటుంబాలకు ఏడాది ఆదాయం పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు దాటకూడదు. ఎస్సీ, ఎస్టీలకు పరిమితి ఎంతో ముందే కనుక్కోండి. మీసేవలో రసీదు మీద ఉన్నంతే కట్టండి. దోస్త్‌లో సీటు వచ్చినంత మాత్రాన స్కాలర్‌షిప్ దానంతట అది రాదు. కాలేజీలో చేరాక ప్రభుత్వ స్కాలర్‌షిప్ వెబ్‌సైట్ ఈపాస్‌లో విడిగా దరఖాస్తు చేసి, ప్రతులు కాలేజీ కార్యాలయంలో ఇవ్వాలి. బ్యాంకు ఖాతా విద్యార్థి పేరుతోనే ఉండాలి. రెండో ఏడాది, మూడో ఏడాది రెన్యువల్ కూడా మీరే పెట్టుకోవాలి, హాజరు 75 శాతం ఉండాలి.