ఒకటి రెండుగా కనిపిస్తుంటే: కంటి కండరాల ఆపరేషన్‌కి ముందు, తర్వాత

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు పెద్దవాళ్లకి ఒకటి రెండుగా కనిపిస్తే "పొర వచ్చి ఉంటుందిలే" అని ఊళ్లో కంటి క్యాంపు పెట్టేదాకా కూర్చుంటారు. ముందు ఒక కన్ను, తర్వాత రెండో కన్ను చేత్తో మూసి చూడండి. ఏ కన్ను మూసినా రెండో బొమ్మ మాయమైతే రెండు కళ్లూ ఒకచోట నిలవడం లేదని అర్థం. లోపం కంటి కండరాల్లోనో, వాటిని నడిపే నరాల్లోనో ఉంటుంది. ఒక కన్ను మూసినా రెండోది నీడలా అలాగే ఉంటే అది శుక్లమో, అద్దాల పవరో కావచ్చు. ఈ ఆపరేషన్ దానికి కాదు.

ఉన్నట్టుండి మొదలై, దానితోపాటు రెప్ప వాలినా, తల పగిలిపోయేంత నొప్పి వచ్చినా, మాట తడబడినా, చెయ్యీ కాలూ పట్టు తప్పినా అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లాల్సిందే.

షుగరు, బీపీల వల్ల నరం దెబ్బతిన్నవాళ్లలో చాలామందికి మూడు నాలుగు నెలల్లో దానంతటదే తగ్గుతుంది. అందుకే డాక్టర్లు మామూలుగా ఆరు నెలలు ఆగి, కన్ను పక్కకి తప్పిన కొలత మారడం లేదని తేలాకే కత్తి పట్టుకుంటారు. థైరాయిడ్ వల్ల వచ్చినా అంతే, జబ్బు చల్లారాలి. బీడీ, సిగరెట్ మానకపోతే అది త్వరగా చల్లారదు. "పంట చేతికొచ్చింది, డబ్బులున్నాయి, ఇప్పుడే చేసెయ్యండి" అని పట్టుబట్టకండి. ఆలోగా రెండు బొమ్మల్నీ ఒకచోటికి తెచ్చేలా కళ్లద్దానికి అంటించే ప్రిజం స్టిక్కరు గాని, ఒక కంటికి గంత గాని ఇస్తారు. గంత కట్టుకుంటే లోతు సరిగ్గా అందదు. మెట్టు దిగేటప్పుడు గోడ పట్టుకోండి, బండి తాళాలు ఇంట్లో ఎవరికైనా ఇచ్చెయ్యండి.

కన్ను బయటికి తీసి కుట్టి మళ్లీ పెడతారన్నది ఉత్త మాట. తెల్లగుడ్డు మీది పొర కోసి, కండరాన్ని వెనక్కి జరిపో, కాస్త కత్తిరించి బిగించో కుడతారు. కొందరికి సర్దుబాటు కుట్టు వేసి, మెలకువ వచ్చాక చూపు చూసి బిగిస్తారు. అది మర్నాడైనా కావచ్చు, అందుకని ఆ సాయంత్రం రైలుకే తిరుగు టికెట్ తీసుకోకండి.

మన వైపు నుంచి విశాఖ అయినా భువనేశ్వర్ అయినా వెళ్లొచ్చు. రెండుచోట్లా ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. ఒడిశా వైద్య కార్డు అక్కడ ఈ ఆపరేషన్‌కి చెల్లుతుందో లేదో ఫోన్‌లోనే అడగండి. కౌంటర్ దగ్గర తెలిస్తే టెన్షనే. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే యాస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతుంటే డాక్టరుకి చెప్పండి, మీ అంతట మీరు ఆపొద్దు. ఆపరేషన్ రోజు పరగడుపున షుగరు మాత్ర, ఇన్సులిన్ సంగతీ అడగండి. గుండె జబ్బు ఉంటే దాచకండి. కండరాన్ని లాగినప్పుడు గుండె వేగం తగ్గొచ్చని మత్తు డాక్టరు మానిటర్ మీద కన్నేసి ఉంచుతారు.

ఆశ కూడా మితంగా ఉండాలి. ఎదురుగా చూసినప్పుడు, కిందికి చూసి చదివేటప్పుడు ఒకటిగా కనిపించడం లక్ష్యం. పక్కకి పూర్తిగా తిప్పితే రెండుగానే ఉండిపోవచ్చు. కొందరికి రెండోసారీ చెయ్యాల్సి వస్తుంది.

ఇంటికొచ్చాక రెండు మూడు వారాలు కన్ను ఎర్రగా ఉంటుంది, ఇసుక పడ్డట్టు గరగరలాడుతుంది. మొదటి రోజుల్లో కన్నీళ్లలో గులాబీ రంగు కనిపిస్తే బెదరకండి. చనుబాలు, నందివర్ధనం రసం, ఆముదం ఏవీ వద్దు, రాసిచ్చిన చుక్కలే. అత్తగారు ఎంత చెప్పినా సరే. డాక్టరు సరేననేదాకా తలస్నానం, చెరువు స్నానం, పత్తి బస్తాలు మొయ్యడం, కట్టెల పొయ్యి ముందు కూర్చోవడం మానండి.

నొప్పి తగ్గకపోగా పెరిగినా, చీము కారినా, చూపు తగ్గినా, కన్ను హఠాత్తుగా ఒక పక్కకి వెళ్లిపోయినా తిరిగి రమ్మన్న తారీఖు దాకా ఆగొద్దు. వానలకి ఘాట్ రోడ్డు మూసుకుపోతే దగ్గర్లోని కంటి డాక్టరుకే డిశ్చార్జి కాగితం చూపించి, ఆపరేషన్ చేసినవాళ్లతో అక్కణ్నుంచే ఫోన్‌లో మాట్లాడించండి.