డిస్క్ మీది తేదీలు 2038 దాటాలంటే (3వ పాఠం): ఈఎక్స్‌టీ4 ఐనోడ్ సైజు

పోయిన పాఠంల లినక్స్ కర్నల్ (సిస్టమ్‌ను నడిపే అసలు భాగం) టైమ్ 64 బిట్‌దా కాదా చూసుకున్నం కదా. 64 బిట్ అని తేలంగనే చానామంది ఇగ పని అయిపోయింది అనుకుంటరు, కానీ అది సగం పనే, ఎందుకంటే కర్నల్ ఎంత పెద్ద నంబర్ పట్టుకున్నా డిస్క్ మీద తేదీని 1970 నుంచి లెక్కపెట్టిన సెకన్లుగ రాసే జాగ 32 బిట్లే ఉంటే మన టైమ్ ప్రకారం 2038 జనవరి 19 పొద్దున 8:44:07 కాడనే తేదీ ఆగిపోతది.

ఈఎక్స్‌టీ4 అంటే లినక్స్ డిస్క్ మీద ఫైళ్లు పెట్టే ఒక పద్ధతి. అండ్ల ఒక్కో ఫైల్‌కు ఐనోడ్ అనే ఒక చిన్న రికార్డు ఉంటది, ఫైల్ ఎప్పుడు మారిందో ఆ తేదీ అండ్లనే రాసి ఉంటది. ఐనోడ్ 256 బైట్లదైతే సెకన్లకు ఇంకో 2 బిట్లు దొరుకుతయి, 2446 దాకా ఢోకా లేదు. 128 బైట్లదైతే ఆ రెండు బిట్లు పెట్టేటందుకు జాగనే లేదు.

టర్మినల్ తెరిచి, ఈఎక్స్‌టీ4 సెట్టింగులు చూపే, మార్చే కమాండ్ ట్యూన్2ఎఫ్ఎస్‌కు చిన్న ఎల్ ఆప్షన్ ఇచ్చి పార్టిషన్ పేరు కొట్టుర్రి, వచ్చినదాంట్ల ఐనోడ్ సైజ్ లైన్ చూడుర్రి. రూట్ ఒక్కటే చూసి వదిలిపెట్టకుర్రి, బూట్ పార్టిషన్ కూడా చూడాలె, 512 ఎంబీ కంటే చిన్నవాటికి పాత ఫార్మాట్ టూల్ 128 పెట్టేది.

ఇప్పుడు ప్రాక్టీస్. ఖాళీ పెన్‌డ్రైవ్‌ను కావాలనే 128 బైట్ల ఐనోడ్‌తోని ఫార్మాట్ చేయుర్రి, మౌంట్ చేసి ఒక ఫైల్‌కు టచ్ కమాండ్‌తోని 2040 తేదీ ఇచ్చి, ఆ తేదీ చూపే స్టాట్ కమాండ్ కొట్టుర్రి. కర్నల్ 5.4 గానీ ఆ తర్వాతది గానీ అయితే 2040 కనపడదు, 2038 జనవరి 19 కాడ ఆగి ఉంటది. 32 బిట్ల లెక్క నిండితే తేదీ 1901కి వెనక్కి తిరుగుతదని భయం, అట్ల పోలేదు కదా, మంచిదే కదా అనిపిస్తది. కాదు, అసలు ప్రమాదం ఇక్కడనే ఉంది. ఎనుమాముల మార్కెట్ల ఒక అడ్తి దుకాణం లెక్కలు ఇట్లాంటి డిస్క్ మీద ఉన్నయనుకోర్రి, 2038 దాటినంక ఒకసారి సేవ్ అయి బ్యాకప్ కూడా అయిన ఫైల్‌ల మళ్ల పత్తి రేటు 6850ని 6580 అని మార్చి సేవ్ చేస్తే ఫైల్ సైజు మారదు, తేదీ కూడా మారదు, బ్యాకప్ తీసే ఆర్‌సింక్ టూల్ మామూలుగ చూసేది ఆ రెండే కాబట్టి ఏం మారలేదని ఆ ఫైల్‌ను వదిలేసి పోతది, బ్యాకప్‌ల పాత రేటే ఉంటది, ఎర్రర్ ఒక్కటి కూడా రాదు.

128 వచ్చినోళ్లు ట్యూన్2ఎఫ్ఎస్‌తోనే 256 చేద్దామని చూస్తరు, కానీ ఫ్లెక్స్ బీజీ (ఐనోడ్ పట్టికలను ఒక్క కాడ చేర్చి పెట్టే) ఫీచర్ ఆన్ ఉంటే అది ఒప్పుకోదు, ఈఎక్స్‌టీ4ల అది మామూలుగ ఆన్‌లనే ఉంటది. అందుకే డేటా వేరే డిస్క్‌కు కాపీ చేసి, ఒకటి రెండు ఫైళ్లు తెరిచి చూసుకొని, అప్పుడు 256తోని మళ్ల ఫార్మాట్ చేయుర్రి. వచ్చే పాఠంల ఈఎక్స్‌టీ4 లాంటిదే ఇంకో పద్ధతి ఎక్స్ఎఫ్ఎస్, దాని బిగ్‌టైమ్ ఆప్షన్.