ఏడాదికో పంతం

రాసిందే మళ్లీ రాస్తున్నట్టు అనిపిస్తుంటే, కొత్త సంవత్సరానికి "రోజుకు 500 పదాలు" లాంటి లెక్క పెట్టుకోకండి. పేజీలు పెరుగుతాయేమో కానీ చెయ్యి పాత దారిలోనే పోతుంది. దాని బదులు, బాగా అలవాటైన ఒక ఊతకర్రను ఏడాది పాటు పక్కన పెట్టండి. అప్పటికప్పుడు పద్యాలల్లే అవధానంలో నిషిద్ధాక్షరి అనే అంశం చేసే పని అదే. నోటికి రాబోయే అక్షరాన్ని, ప్రశ్నలడిగే పృచ్ఛకుడు వద్దంటాడు, అవధాని ఇంకో మాట వెతుక్కోవాల్సిందే.

కథలు రాసేవాళ్లయితే ఈ ఏడాది కథలన్నీ సంభాషణలతోనే నడపండి. "కోపంగా అంది" అని రాసే వీల్లేదు. అప్పుడు "తింటావా?" అన్న మాట "తింటే తిను, ఎవరు బతిమాలతారు?" అని మారుతుంది. విసురు మాటలోకే వచ్చేస్తుంది. వర్ణన బాగా వచ్చినవాళ్లకు మొదట్లో ఇది చిరాకే, కానీ ఎక్కువ పనికొచ్చేది కూడా వాళ్లకే. కవులైతే ఉపమానాలు మానేసి చూడొచ్చు. వ్యాసాలైతే "నేను" లేకుండా.

ఒక్క నియమమే పెట్టుకోండి, అదీ ఒక్క వాక్యంలో చెప్పగలిగేలా. నచ్చకపోతే జూన్‌లో మార్చేయండి, ఎవరూ అడగరు. రాసినవన్నీ అచ్చుకు పంపాలన్న టెన్షన్ మాత్రం వద్దు, సగం కసరత్తుగానే మిగిలిపోతాయి.